నేను కంపోజింగ్ స్టిక్‌ని

అరచేతిలో ఇమిడే ఇనుప చట్రాన్ని నేను. పంక్తి పొడవును బట్టి జరిపి బిగించే బిళ్ల ఒకటి నాకుంటుంది. విజయవాడలో ఓ ప్రెస్సులో మా కంపోజిటర్ గారి ఎడమచేయి నా చోటు. ఆయన కుడిచేయి కేసు గళ్ల మీద తిరుగుతూ సీసం, తగరం, యాంటిమొనీ కలిపి పోసిన అక్షరాల్ని ఒక్కొక్కటే తెచ్చి నాలో పేర్చేది. అన్నీ తలకిందులుగానే. గుణింతాలు, ఒత్తులతో తెలుగు కేసుకి వందల గళ్లు. ఆయన మాత్రం గడి వంక చూడకుండానే అక్షరం తీసేవారు.

1990లలో కంప్యూటర్ మీద పేజీలు కట్టే పేజ్‌మేకర్, అను ఫాంట్లు వచ్చిపడ్డాయి. ముందు నవలలు పోయాయి, తర్వాత శుభలేఖలు, చివరికి బిల్లు పుస్తకాలు. ఓ నెలాఖరున యజమాని టైపునంతా తూకానికి అమ్మేశారు. "ఏమీ అనుకోకయ్యా. నీ పనిలో వంక లేదు, పనే లేదు" అన్నారు. నన్ను మాత్రం మా కంపోజిటర్ గారు అడిగి ఇంటికి తెచ్చుకున్నారు.

ఆ 'వంక లేదు' అన్న మాటే ఆయన్ని తినేసింది. తప్పుంటే దిద్దుకోవచ్చు, లేనిదాన్ని ఏం దిద్దుతారు? చుట్టాలిళ్లకు వెళ్లడం మానేశారు. పొద్దున్నే చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చునేవారు.

"ముందు మనకు రావలసింది అడగండి" అంది ఆయన భార్య. యూనియన్ మనిషి లెక్క చెప్పాడు: 10 మందికి తక్కువ కాకుండా పనిచేసిన చోట 5 ఏళ్లు నిండితే, 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఏడాదికి 15 రోజుల జీతం హక్కుగా వస్తుందని. అర్జీలో తన సర్వీసంతా తన చేత్తో రాశాక, చాన్నాళ్లకి ఆయన నడుం నిటారుగా నిలబడింది.

అచ్చయిన ఫారాన్ని విప్పి ఏ అక్షరాన్ని ఆ గడిలో వేయడం మా వృత్తిలో రోజువారీ పని. పేజీ పోతుంది, అక్షరాలు మరో పేజీకి పనికొస్తాయి. ఆయన తన పనితనాన్నీ అలాగే విప్పి చూసుకున్నారు. సీసం పట్టే వేళ్లకిక గిరాకీ లేదు. కీబోర్డు మీద అవి మరీ నిదానం. కానీ ఒత్తు ఎక్కడ జారిందో పట్టే కన్ను అలాగే ఉంది.

వీధి చివర డీటీపీ సెంటర్‌లో అమ్మాయి ఓ రోజు, "బాబాయి గారూ, ఈ ప్రూఫు కాస్త చూసిపెడతారా?" అంది. టీ చల్లారేలోపు పేజీ ఎర్రసిరాతో నిండింది. ఏళ్ల తరబడి తలకిందులుగా చదివినాయనకి నిలువు పేజీ ఓ లెక్కా? ఆమె ఇంకో సెంటర్‌కి చెప్పింది, వాళ్లు ఓ ప్రచురణకర్తకి. మొదట్లో పాత జీతంలో సగం కూడా రాలేదు. రెండు మూడు చోట్ల పని కుదిరాక ఇల్లు గడిచింది.

నా సంగతంటారా? ప్రూఫులు ఫ్యాను గాలికి ఎగరకుండా వాటి మీద కూర్చుంటున్నాను. జీతం లేదుగానీ, ఊళ్లో వెలువడే కొత్త పుస్తకాలు పాఠకుల కంటే ముందు నా కిందికే వస్తున్నాయి.