భీమునిపట్నమున ధైర్యవిక్రయము

పూర్వము కష్టము వచ్చినవాడు దానినెట్లు తొలగించుకొందునా యని యోచించెడివాడు. ఇప్పుడట్లు గాదు, అది తనకేమి నేర్పుటకు వచ్చినదో కనుగొని, వచ్చినందులకు దానికొక నమస్కారము చేసి, వీలైనచో మరికొంతకాలముండి పొమ్మని బతిమాలుకొనవలయునట. ఈ నూతనమతమునకు వేదము లేదు, పీఠము లేదు, ప్రవేశరుసుము మాత్రము గలదు. దీని ఆచార్యులను వ్యక్తిత్వవికాస నిపుణులందురు. వీరి సిద్ధాంతమంతయు రెండు మాటలలో ఇమిడిపోవును: లోకమున ప్రయోజనము లేని కష్టము లేదు, ధైర్యమున్నవానికి నెరవేరని కల లేదు. ఈ రెంటిని కలిపి చూచినచో తేలు మూడవమాటను వారు వేదికపై చెప్పరు గాని, విన్నవాడు ఇంటికి పోయి, రాత్రి కన్ను మూతపడక, తనంత తానే గ్రహించును: ఇంకను కష్టములోనే యున్నవాడు పిరికివాడనియు, కల నెరవేరనివాడు సోమరి యనియు.

ఇట్టి సరకు దిగుమతికి భీమునిపట్నము కంటె యోగ్యమైన రేవుండదు. 17వ శతాబ్దిలో డచ్చివారు వచ్చి మా యొడ్డున వర్తకము సాగించి, తమవారిని కొందరిని ఇచ్చటి నేలలోనే పాతిపెట్టి, 1825లో ఊరిని ఇంగ్లీషువారికప్పగించి వెడలిపోయిరి. 1861లోనే మునిసిపాలిటీయై, దేశములోని ప్రాచీన పురపాలకసంఘములలో నొకటిగా పేరుబడిన యీ పట్టణము, 1933లో విశాఖపట్నమున లోతైన ఓడరేవు తెరువబడిన పిమ్మట, రైలుపట్టా మొగమెన్నడు నెరుగని తన రేవును చూచుకొని నిట్టూర్చి యూరకుండెను. నేటికిని బంగాళాఖాతమున వాయుగుండమేర్పడినపుడు కళింగపట్నము, విశాఖపట్నములతోపాటు భీమునిపట్నము రేవునను మూడవ నెంబరు ప్రమాదసూచిక ఎగురవేసిరని వార్తలలో వినుచుందుము. ఓడలు వచ్చుట మానినను సూచిక మానలేదు. వికాసనిపుణుని అడిగినచో మేము భీమిలి యని పిలుచు ఈ ఊరు పెద్దకల కనలేకపోయినందున చితికినదని చెప్పును. సముద్రపులోతు, రైలుమార్గము, సరకు దించు ఖర్చు ఆయన లెక్కలోనికి రావు. అవి లెక్కలోనికి వచ్చినచో ఉపన్యాసము పది నిమిషములలో ముగిసి, మిగిలిన పూటకు రుసుము తిరిగి యీయవలసివచ్చును.

విశాఖనుండి తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టిదిబ్బల మీదుగా మా ఊరికి వచ్చు తీరపుబాటలో ఇటీవల వెలసిన రిసార్టులలో శని ఆదివారములందు ఈ ధైర్యవిక్రయము నిర్విఘ్నముగా సాగుచుండును. నగరమందలి కంపెనీలవారు తమ ఉద్యోగులను బస్సులకెక్కించి తెచ్చి, ఉదయము ధైర్యమును, మధ్యాహ్నము రొయ్యలవేపుడును, సాయంకాలము ఆత్మావలోకనమును వడ్డించి పంపుదురు. ఒక బంధువు ప్రోద్బలముచే నేనును అట్టి సభకు పోయి వెనుకవరుసలో కూర్చుంటిని. ఏసీ గది; అద్దపుగోడకావల సముద్రము చప్పుడు లేకుండ కదలుచున్నది. చెంపకు సన్నని మైకు అంటించుకొన్న వక్త అటునిటు వడివడిగా నడచుచు, మా యందరిచేత పిడికిళ్ళెత్తించి, సాధింపగలమని ముమ్మారు అరిపించెను. ఏమి సాధింపగలమో చెప్పలేదు. అడుగుట సభామర్యాద గాదు. పిమ్మట బొగ్గు వజ్రమగుటయు, పసిడి పుటమున వన్నెకెక్కుటయు యథావిధిగా చెప్పి, ఉపన్యాసమునకు మకుటాయమానముగా గ్రద్దకథనెత్తుకొనెను.

ఈ కథ చెవిని పడని తెలుగువాడు నేడు అరుదు. గ్రద్దకు నలువదియేండ్లు వచ్చుసరికి ముక్కు వంగి, గోళ్ళు మొద్దుబారి, ఈకలు బరువెక్కి, చావు కనుచూపుమేరలోనికి వచ్చునట. అప్పుడది కొండశిఖరమునకెక్కి, ముదిసిన ముక్కును రాతికి మోదుకొని రాలగొట్టి, కొత్తముక్కు మొలిచినవెంటనే దానితో గోళ్ళను, కొత్తగోళ్ళు మొలిచినవెంటనే వానితో ఈకలను పెరికివైచుకొని, అయిదు మాసముల ఘోరతపస్సు పిమ్మట నవయౌవనముతో మరి ముప్పదియేండ్లు జీవించునట. అడవిలో గ్రద్ద డెబ్బదియేండ్లు బ్రతుకదనియు, ముక్కు ఊడిన గ్రద్ద మాంసము చీల్చుకొనలేక ఆకలితో చచ్చుననియు పక్షుల సంగతి తెలిసినవారెవరైన చెప్పుదురు. కాని ఆ మాట చెప్పుటకు శాస్త్రజ్ఞుడక్కరలేకపోయెను. టీకప్పుల పళ్ళెము పట్టుకొని నా ప్రక్కన నిలిచియున్న ముదుసలి, చిట్టివలస జూటుమిల్లులో చిరకాలము పనిచేసి, అది మూతపడిన పిమ్మట ఈ రిసార్టులో కుదిరినవాడు, ఎండుచేపలపై వ్రాలు గ్రద్దలను పుట్టినది మొదలు చూచుచున్నవాడు, కథనంతయు శ్రద్ధగా విని, నా చెవిదగ్గరకు వంగి, "ముక్కిరగ్గొట్టేసుకున్న గెద్దకి ఐదు నెల్లూ కూడెవులు పెట్టినారు బాబూ?" అనెను. నాకు సమాధానము తోచలేదు. వక్తకు తోచెడిదేమో, కాని సందేహములకు కేటాయించిన సమయము అప్పటికే ఫోటోలకు మారియుండెను.

కూడు పెట్టినవారెవరను ఆ ప్రశ్నను చేతబట్టుకొని, ఇట్టి సభలలో మ్రోగు విజయగాథలను పరీక్షింపవలెనని నాకు నాడే బుద్ధి పుట్టినది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజనబాలిక మాలావత్ పూర్ణ, 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే ఎవరెస్టు శిఖరమెక్కినది. ఆమె ధైర్యమును శంకించువాడు మూర్ఖుడు. కాని ఆమె చదివినది ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులమున. ఎక్కుట నేర్చినది భువనగిరి బండపైన. పిదప డార్జిలింగులో శిక్షణ, లడాఖు చలిలో అభ్యాసము, పదునారేండ్లలోపువారికి నేపాలు అనుమతి లేనందున టిబెట్టు వైపునుండి ప్రయాణము, వీనికన్నిటికి ఏర్పాటుచేసి ఖర్చు భరించినది గురుకుల సంస్థ. ఇదే కథ వక్త నోటబడినప్పుడు గురుకులము కరగిపోవును, భువనగిరి బండ మాయమగును, శిక్షకులు మంచులో కప్పబడిపోవుదురు. ఒక పల్లెపిల్ల, ఒక కల, ఒక కొండ, ఇవి మూడే మిగులును. సాంఘిక సంక్షేమ వసతిగృహములకు నిధులు పెంచవలయునని ఏ వికాసనిపుణుడైన తన ఉపన్యాసము చివర పిడికిలెత్తించి అరిపించినచో, నేను ముందువరుసలో కూర్చుండి నాలుగవమారు కూడ అరచెదను.

మచిలీపట్నము చెంత సీతారామపురమున చూపులేక జన్మించిన శ్రీకాంత్ బొల్ల కథ ఇంకను చిత్రముగా చెప్పబడుచున్నది. పదవతరగతి పిమ్మట ఆయన సైన్సు చదువగోరగా, అంధులకు ఆ శాఖ లేదని నిబంధన అడ్డువచ్చెను. ఆయన ఆ నిబంధనకు నమస్కరింపలేదు, అది తనకేమి నేర్పుటకు వచ్చినదో ధ్యానింపను లేదు. ఒక ఉపాధ్యాయురాలి తోడ్పాటుతో న్యాయస్థానమునకు పోయి, ఉత్తరువు తెచ్చుకొని, అదే సైన్సు చదివి, అమెరికాలోని ఎం.ఐ.టి.కి పోయి, తిరిగివచ్చి 2012లో పరిశ్రమ స్థాపించి, తనవంటివారికి పనులు కల్పించెను. 2024లో ఆయన జీవితము హిందీ చిత్రమై వచ్చినది. ఈ వృత్తాంతమునుండి వక్తలు ఏరుకొను నీతి అంధకారమును ప్రేమింపుమని! మంచి వకీలును చూచుకొమ్మని నాకు తోచిన నీతి. ఆ బాలుడు సకాలమున మా రిసార్టుసభకు వచ్చియుండినచో, నిబంధనలో దాగిన దైవసంకల్పమును గ్రహించి నిబ్బరముగా ఆర్ట్స్ గ్రూపులో చేరియుండెడివాడు.

ఇంగ్లీషు కొంత చదివిన వక్తలు ఈ ఘట్టమున వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్‌ను సాక్ష్యమునకు పిలుతురు. నాజీ నిర్బంధశిబిరములలో తాను బందీయై యుండి, తల్లిదండ్రులను, భార్యను, సోదరుని పోగొట్టుకొని, 1946లో గ్రంథము వ్రాసిన మహానుభావుడు. ఆయన మాటకు తల వంచవలసినదే. అయితే తప్పింపరాని బాధయందు సైతము మనుష్యుడు అర్థమును వెదకికొనగలడని చెప్పిన ఆయనయే, తప్పింపదగిన బాధ యైనచో దాని కారణమును తొలగించుటయే అర్థవంతమైన పని యనియు, ఊరక పడుచుండుట వీరత్వము గాదనియు స్పష్టముగా వ్రాసియున్నాడు. మనవారి ప్రతులలో ఆ పుట చినిగిపోయినట్లున్నది. తప్పింపదగినది, తప్పింపరానిది అను విభజన వచ్చినచో, చిట్టివలసమిల్లు ఏ కోవలోనిదని ఎవడో ఒకడు అడుగును.

ఆ మిల్లు మాట కొంత చెప్పవలయును. ప్రపంచవిపణిలో మన గోగునారకు మా ఊరిపేరు మీదుగనే బిమ్లీ జూట్ అని పేరు వచ్చినది. పురుషాయుషము మగ్గము ముందు నిలిచి, దుమ్ము మ్రింగి, దగ్గుచు గోనెలు నేసినవారి పేరు ఏ విపణికిని తెలియదు. 2009లో మిల్లుకు లాకౌటు పడినది. సైరను ఆగిన మరునాటినుండి ఆ యిండ్లలో నేమి జరిగినదో చెప్పుటకు దివ్యదృష్టి యక్కరలేదు: కిరాణాకొట్టువాడు ఖాతాపుస్తకము మూసెను; చదువుచున్న కొడుకు విశాఖలో ఏదో దుకాణమున నిలుచుండెను; తండ్రి అపార్టుమెంటు కాపలాకు పోయెను; రావలసిన బకాయిలకై కార్మికులు కాగితముల సంచి చంకనిడుకొని ఏండ్ల తరబడి తిరిగిరి. ఒక తలుపు మూతపడినచో వేరొకటి తెరుచుకొనునని వక్తలందురు. నిజమే, రిసార్టు వెనుకవైపున వంటగదిలోనికి పోవు తలుపు తెరుచుకొన్నది.

ఇక ధైర్యము. దానిని అమ్ముటకు మంగమారిపేట, చేపలుప్పాడల ప్రక్కగా బస్సులో పోవుచు, కిటికీ తెరలు వేసికొని నిద్రపోవు వారిని చూచినపుడు నాకు నవ్వాగదు. అప్పటికి ఆ ఒడ్డున దినము సగమైపోయియుండును. తెల్లవారుజామున, చీకటిలో, నలుగురు కుర్రవాండ్రు ఫైబరుతెప్పను నడుమెత్తు నీటిలోనికి నెట్టి, అల విరుగు చోట దాని ముక్కు నిలువున లేచి దభాలున పడు ఆ లిప్తలో ఒకడు తెడ్డుతో దానిని అలకెదురుగా నిలబెట్టుచుండ, వేరొకడు ఇంజను తాడును లాగి, అది పలుకక మరల లాగి, పొగ చిమ్మిన పిమ్మట నలుగురును తడిసి ముద్దయై లోపల కూలబడుదురు. ఇది వారికి వర్క్‌షాపు గాదు, నిత్యకృత్యము. తిరిగివచ్చినపుడు తట్టలోని కవళ్ళను, కానాగంతలను చూచి షావుకారు ధర చెప్పును. డీజిలు, మంచుగడ్డ, పాతబాకీ పోగా మిగిలినది పంచుకొందురు. అక్కడ లోపించినది ధైర్యమని చెప్పుటకు ఎంత ధైర్యము కావలయును!

ఇక్కడి బ్రతుకు చాలక ఉత్తరాంధ్ర మత్స్యకారులు గుజరాతులోని వెరావలుకు పోయి మరపడవలలో కూలికి చేరుదురు. అట్లు పోయినవారు కొందరు 2018 నవంబరున సరిహద్దు దాటిరని పాకిస్తానువారికి పట్టుబడి, ఏడాదికి పైగా కరాచీ చెరలో మగ్గి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరిరి. 2025లో ఆ కథ తండేల్ అను చిత్రమై మనలను కంట తడిపెట్టించెను. ఇంటికాడనే నాలుగు డబ్బులు దొరకు రేవుండియుండినచో ఆ సాహసగాథయే పుట్టకపోయెడిది. మనకొక చిత్రము తగ్గెడిది, వారికొక చెర తగ్గెడిది.

కష్టము మనిషిని పదును పెట్టదా యని నన్ను కోపించువారుందురు. కొందరిని పెట్టును, కాదనను. అరిగి విరిగినవారిని వేదికకెవరు పిలిచిరి గనుక? నా ఎరుకలో కల వెంబడి ధైర్యముగా బయలుదేరి, ఉన్న ఎకరము అమ్మి, రొయ్యలచెరువు త్రవ్వి, తెగులు వచ్చి సర్వము పోగొట్టుకొన్నవాడొకడున్నాడు. గెలిచినవానికంటె వీసమెత్తు ధైర్యము తక్కువవాడు గాడు. వానికి కాలరు మైకు ఎవరు నీయరు.

ఈ వ్యవహారమునకు నా వంతుగా ఒక ఉపాయము మనవి చేసికొందును. తూర్పుతీరమున చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవలకు వేట నిషిద్ధము. అందులకు గాను 2025లో రాష్ట్రప్రభుత్వము మత్స్యకార కుటుంబమునకు 20,000 రూపాయల చొప్పున భృతి యిచ్చినది. అదే 61 దినములు ప్రేరణోపన్యాసములకు సైతము నిషేధకాలముగా ప్రకటింపవలయును. కలలు కూడ పిల్లలు పెట్టుటకు కొంత విరామము కోరును గదా. వక్తలకు అన్యాయము జరుగరాదు గనుక వారికిని అదే 20,000 మంజూరుచేసి, ఆధారుకార్డు నకలు, బ్యాంకుపుస్తకము పట్టించి, ఎండలో వరుసలో నిలువబెట్టి, పేరు జాబితాలో కానరాలేదని చెప్పి సోమవారము మరల రమ్మనవలయును. ఎట్టకేలకు చేతబడిన ఆ సొమ్ముతో రెండుమాసములు సంసారము నడపుకొనుచు, ఆ కష్టము తమకేమి నేర్పుటకు వచ్చినదో వారొక నోటుపుస్తకమున వ్రాసికొనవచ్చును. జూన్ 15న, పడవలు నీటికి దిగినపిమ్మట, ఆ పుస్తకమును మా టీపళ్ళెపు ముదుసలికి చదివి వినిపింపవలయునని నా కోరిక. ఆయనకు ఆ పూట సెలవు దొరకునో లేదో మాత్రము ముందుగా రిసార్టు మేనేజరును అడిగి కనుగొనవలసియున్నది. దొరకినను జీతము కోయుదురేమో.