మేస్త్రి ఇంటి గోడ

సాగర్ రోడ్డు మీద ఏ హోటల్లో చాయ్ తాగుతున్నా ఎవరో ఒకరు అడుగుతారు: "అన్నా, బాత్రూం కొత్తగ చేయించాలె, ఎన్ని దినాలు?" నా నోట్లోంచి ఒకటే మాట ఊడిపడుతుంది: "పది." గోడ చూసింది లేదు, పైపు ఎక్కడుందో తెలిసింది లేదు. ఇంకో మేస్త్రి తొమ్మిది అంటాడేమోనన్న భయం, అంతే.

అసలు లెక్క తెలియక కాదు. పాత టైల్స్ పగలగొట్టి ఎత్తిపోయడానికే రెండు రోజులు. పైపులు మార్చాలి, వాటర్‌ప్రూఫింగ్ పూయాలి, నీళ్లు నిలవబెట్టి స్లాబు కారుతుందేమో ఇంకో రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాలి. ప్లాస్టరింగుకు కనీసం 7 రోజులు నీళ్లు కొట్టాలి, పీపీసీ సిమెంటైతే 10 రోజులు మేలు. అంటే నేను చెప్పిన గడువంతా ఒక్క గోడే తాగేస్తుంది. కుతుబ్ షాహీల నాడు మా ఊరి పెద్దచెరువు కట్ట పోసినోళ్లకు గడువు ఎవరు పెట్టారో గానీ, కట్ట ఇప్పటికీ ఉంది. నా పనికి గ్యారంటీ ఒక్క ఏడాదే.

పోయిన ఆషాఢంలో ఒకాయన వచ్చాడు. శ్రావణంలో గృహప్రవేశం, కార్డులు పంచేశాడు. "నువ్వైతేనే చేస్తవని అందరికీ చెప్పిన" అన్నాడు. ఆ పొగడ్తకు పడిపోయాను. వానల్లో లప్పం ఆరదు, తలుపు ఉబ్బి చౌకట్లో పట్టదు అని చెప్పాల్సిన నోటితోనే "అయిపోతది సార్" అని బయానా జేబులో వేసుకున్నాను. ముహూర్తం నాడు ఒక పెద్దావిడ హాలు గోడకు ఆనుకుని కూర్చుంది. లేచేసరికి పట్టుచీర వీపంతా మా రంగే. నేను భోజనానికి ఉండలేదు.

మా ఇంటి సంగతి ఇంకా అన్యాయం. బాత్రూం టైల్స్ నడుము ఎత్తుదాకా వచ్చి ఆగి మూడేళ్లు. ఎక్కడ గడువు నెత్తికొచ్చినా మా ఇంటి కూలోళ్లను అటే తోలాను. ఒకసారి మా టైల్స్ డబ్బాలు రెండు కూడా వాళ్ల వెంటే వెళ్లాయి. మా ఆవిడ అడిగితే "రెండు దినాలల్ల."

ఈసారి ఆమె కస్టమరు లెక్క మాట్లాడింది. "బోనాలకు మా అమ్మోళ్లు వస్తున్నరు. పది దినాలల్ల కావాలె."

వెంటనే కుర్చీ లాక్కుని చెప్పడం మొదలుపెట్టాను. నీళ్లు కొట్టడం, ఆరబెట్టడం, తొందరపడితే టైల్ కింద డొల్ల... ఎంత బాగా చెప్పానంటే నాకే ముచ్చటేసింది. అంతా విని, "గీ మాటలు బయటోళ్లకెందుకు చెప్పవు?" అన్నది.

నేను నేల చూశాను. ఆమె నా చెవిమీది పెన్సిల్ తీసుకుని, టైల్స్ ఆగినచోట గోడమీద తేదీ వేసింది. అది కనపడకుండా పోవాలంటే దానిమీద టైల్ పడాల్సిందే.

బోనాలైపోయాయి, బతుకమ్మ కూడా వచ్చింది. తేదీ గోడమీదే ఉంది.