తిరగలి తాకట్టు

నేను తిరగలిని. మైలవరంలో ఒక కూలి కుటుంబం ఇంట్లో, వసారా మూలన ఉంటాను. నా కింది రాయి కదలదు, దాని నడుమ సీల. పై రాయికి నోరు, పక్కన కొయ్య పిడి. వరన్నం పండగలకే వండుకునే కాలంలో మా మెట్ట ఊళ్ళు జొన్నల మీద బతికాయి. తెల్లవారుజామున నేను తిరిగితేనే ఆ పూటకు సంకటి. అప్పుడప్పుడూ "తిరగళ్ళకు కక్కు కొడతాం" అని కేకేస్తూ వచ్చే మనిషి ఉలి దెబ్బలు తిని మళ్ళీ పదునెక్కేదాన్ని. కోతలయ్యాక చేలో పరిగె ఏరుకొచ్చి, ఒళ్ళోని గింజలు నా నోట్లో పోసిన ఆడవాళ్ళ చేతులు నాకు బాగా తెలుసు.

నా పేరు బైబిల్లోని ధర్మశాస్త్రంలో ఉంది. ఈ సంగతి ఇంట్లో రాత్రిపూట జరిగే కుటుంబ ప్రార్థనలో విన్నాను. తిరగలిని గానీ దాని పై రాయిని గానీ అప్పుకు తాకట్టు పట్టొద్దని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం అంటుంది. అలా పట్టడమంటే ఆ ఇంటివాడి ప్రాణాన్నే పట్టుకోవడమని కారణం కూడా చెబుతుంది. ఇశ్రాయేలు పల్లెల్లోనూ ఇంటింటా పిండి విసిరింది నాలాంటి రాళ్ళే. పై రాయిని విడిగా ఎందుకు చెప్పారో చదువుకున్నవాళ్ళకు తట్టకపోవచ్చు. నాకు తెలుసు. రెండు రాళ్ళూ మోసుకుపోవడం కష్టం. పై రాయి ఒక్కటి ఎత్తుకుపోతే చాలు, ఇల్లు పస్తుంటుంది.

అదే అధ్యాయంలో ఇంకో కట్టడ ఉంది. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం బాకీదారు ఇంట్లో అడుగు పెట్టకూడదు. బయటే నిలబడాలి. ఇచ్చేదేదో ఇంటివాడే తెచ్చి ఇస్తాడు. బీదవాడి దుప్పటి తాకట్టుకు వస్తే పొద్దుగూకేసరికి తిరిగిచ్చెయ్యాలి. కూలి డబ్బులూ పొద్దుగూకకముందే చేతిలో పడాలి. పొరుగువాణ్ణి తనతో సమానంగా ప్రేమించమనే లేవీయకాండం 19లో కూడా చుట్టూ ఉన్నవి ఇలాంటి మాటలే. పొలం అంచులు కొయ్యకుండా వదిలెయ్యి, కూలివాడి డబ్బు తెల్లారేదాకా దగ్గరుంచుకోకు, తూకపురాళ్ళు సరైనవి పెట్టు. ప్రేమంటే మనసులో కలిగే జాలి అనుకునేవాళ్ళు ఆ రెండు అధ్యాయాలూ ఒకసారి చదవాలి. బాకీ ఉన్నవాడి వాకిట్లో నీ కాళ్ళు ఎక్కడ ఆగాయో అవి అడుగుతాయి.

ఈ గ్రంథం మా మెట్ట పల్లెలకు వచ్చి చాలా కాలమైంది. రాఘవాపురానికి చెందిన పాగోలు వెంకయ్య 1859లో డార్లింగు అనే మిషనరీ దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. కృష్ణా జిల్లా మాలపల్లెల్లో క్రైస్తవం పాకడం ఆయనతో మొదలైంది. దాని వెంట పేటల్లోకి బడులూ అక్షరాలూ వచ్చాయి. అందువల్లే మా ఇంటి పిల్లలు ఆ అధ్యాయాలు చదవగలిగారు, నేను వినగలిగాను.

ఇక నాకు జరిగింది చెబుతాను. వానలు ముఖం చాటేసిన ఒక ఏడు ఇంటామె భర్త జబ్బుకు అప్పు చేసింది. నెలకు నూటికి ఐదు వడ్డీ. ముందు ఇత్తడి బిందె పోయింది, తర్వాత కంచు గిన్నె. ఒక పొద్దున షావుకారి మనిషి నేరుగా వసారాలోకే వచ్చేశాడు.

"ఇంకేముందే ఇంట్లో?"

"పిల్లల గంజికి ఆ తిరగలొక్కటే మిగిలింది బాబూ. దాన్నొదిలెయ్యండి."

వినలేదు. నా పై రాయి ఎత్తి భుజాన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి పక్కింటామె గోడ అవతలి నుంచి పిలిచింది. "వదినా, రేప్పొద్దున జొన్నలు పట్టుకురా. నీవి విసిరాకే నావి." డబ్బు అడగలేదు, పిండిలో పిడికెడైనా తీసుకోలేదు. పొరుగు ప్రేమ అన్న మాట ఎప్పుడు విన్నా నాకు ఆమె గొంతే గుర్తొస్తుంది.

1977లో రాష్ట్రంలో వ్యవసాయ రుణ విముక్తి చట్టం వచ్చింది. వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవాళ్ళు, చిన్న రైతులు ప్రైవేటు వడ్డీ వ్యాపారులకు పడ్డ బాకీలు రద్దయ్యాయి, తాకట్టు వస్తువులు తిరిగి ఇచ్చెయ్యాలన్నారు. నా పై రాయి ఇంటికొచ్చింది. అంతకు చాలా ముందు 1938లో, మద్రాసులో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన చట్టం కూడా, అసలుకు రెట్టింపు కట్టేసిన రైతుల పాత బాకీలను కొట్టేసింది. ఇంకా వెనక్కి వెళ్తే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్. కట్టుబట్టలు, వంటపాత్రలు, చేతిపనివాడి పనిముట్లు, రైతు ఎడ్లు, విత్తనాలు జప్తు చెయ్యకూడదని దాని 60వ సెక్షను చెబుతుంది. అది రాసినవాళ్ళు నాలాంటి వాటినే తలుచుకుని ఉంటారు. కానీ అది కోర్టు జప్తుకు వేసిన అడ్డు. మా వసారాలోకి నడిచొచ్చినవాడు ఏ డిక్రీ పట్టుకుని వచ్చాడు?

తర్వాత ఊళ్ళోకి కరెంటు మర వచ్చింది, ఇంట్లోకి మిక్సీ వచ్చింది. కందులు పప్పు చెయ్యడం వరకే నా పని మిగిలింది. అప్పు మాత్రం వేషం మార్చుకుని వచ్చింది. ఇంటి కోడలు సూక్ష్మరుణాల గ్రూపులో చేరింది. తాకట్టు అక్కర్లేదన్నారు. నిజమే, బిందె అడగలేదు, నన్నూ అడగలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళనే ఒకరికొకరిని జామీను పెట్టుకున్నారు. ఒకామె వారం కిస్తీ కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి, లేదంటే ఎవరికీ కొత్త అప్పు పుట్టదు. ఒక వారం కోడలి చేతిలో డబ్బు లేదు. గ్రూపు అంతా మా వసారాలో చీకటిపడేదాకా కూర్చుంది. వాళ్ళలో ఆ పక్కింటామె మనవరాలు కూడా ఉంది. "అక్కా, నువ్వు కట్టకపోతే మేం ఎక్కణ్ణుంచి తెచ్చేది?" అంటూ ఏడ్చింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. పొరుగింటిమీదికి పొరుగింటిని తోలిన ఏర్పాటుదే తప్పు. నేను చూసిన అప్పులన్నిటిలోకీ ఇదే క్రూరమైనది. నా రాయి ఎత్తుకుపోయినవాడు మాకు పొరుగునైనా మిగిల్చాడు.

2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు ఇలా సూక్ష్మరుణాలిచ్చే సంస్థల శాఖలు యాభై దాకా మూయించారు. అధిక వడ్డీలు, బలవంతపు వసూళ్ళు, ఆత్మహత్యలు అంటూ అప్పట్లో ఆరోపణలు గట్టిగా వచ్చాయి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ళు ఇంటి దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసు లాంటి నలుగురూ చూసే చోట జరగాలంది. వడ్డీ అసలును మించకూడదంది. అప్పిచ్చినవాడు బయటే నిలబడాలన్న ఆ పాత కట్టడ ఇన్ని వేల ఏళ్ళకు మా వాకిలి దాకా వచ్చింది.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. వసూళ్ళతో పాటు అప్పులూ ఆగిపోయాయి. ఆస్పత్రి ఖర్చుకో పిల్లల ఫీజుకో మళ్ళీ నోటు రాసి, నూటికి ఐదుకే తెచ్చుకున్నారు. ధర్మశాస్త్రం ఈ చిక్కును ముందే చూసింది. ఏడేళ్ళకోసారి బాకీలు మాఫీ చెయ్యమన్న ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయమే, మాఫీ ఏడు దగ్గరపడిందని బీదవాడి ముందు చెయ్యి ముడుచుకోవద్దని వెంటనే హెచ్చరిస్తుంది. అయినా మనుషులు ముడుచుకున్నారు. అందుకే యేసు కాలానికి కొంచెం ముందు హిల్లేలు అనే యూదు గురువు, బాకీలను న్యాయస్థానానికి అప్పగించి మాఫీ నుంచి తప్పించే పత్రం ఒకటి ఏర్పాటు చేశాడు. అలాగైనా బీదలకు అప్పు పుట్టాలని ఆయన తాపత్రయం. ఆయన్ని నేను తప్పుపట్టను. వడ్డీవాణ్ణి వాకిట్లో ఆపడం ప్రభుత్వం పని. వాడి అవసరమే లేకుండా అక్కరకు ఇచ్చేవాళ్ళు ఊళ్ళో ఉండటం ఊరివాళ్ళ పని, అది ఏ ఆర్డినెన్సుతోనూ రాదు.

మా పేటలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు దేవుడి పేర పిడికెడు తీసి పక్కన పెడతారు. ఆదివారం అవి గుడికి వెళ్తాయి. కోతల పండగనాడు మామిడికాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి వేలం వేస్తారు. ఆ డబ్బు ఎక్కువగా ప్రహరీ గోడలకూ మైకు సెట్లకూ పోతోంది. సంఘ పెద్దలకు నా మనవి ఇది. అందులో కొంత విడిగా ఉంచండి. కౌలుకు తీసుకున్న తోటలో పూత రాలిపోయినవాడికి, మిరప కోతలకు పోయి జ్వరంతో మంచమెక్కినామెకు వడ్డీ లేని చేబదులు ఇవ్వండి. ఏ దేవుణ్ణి కొలుస్తారని అడగొద్దు, పరదేశిని కూడా నీలాగే ప్రేమించమని అదే లేవీయకాండం 19 చెబుతోంది. లెక్క రాసుకోండి, సాక్షి సంతకం పెట్టించుకోండి, అందులో తప్పేమీ లేదు. వసూలుకు వెళ్ళినప్పుడు మాత్రం గడప దాటకండి.