అపాస్ట్రఫీ ఆచార్యులు

ఎదుటివారి ఇంగ్లిషులోని తప్పులను పిలవని పేరంటంగా వచ్చి సరిదిద్దే పెద్దమనిషి తెలుగునాట ప్రతి కార్యాలయంలోనూ, ప్రతి అపార్ట్‌మెంటు సంఘంలోనూ ఒక్కరైనా ఉంటారు. ఆయనను అపాస్ట్రఫీ ఆచార్యులు అనవచ్చు. అపాస్ట్రఫీ అంటే అక్షరం లోపించిందని గానీ, ఫలానావారి సొత్తని గానీ తెలపడానికి అక్షరాల నెత్తిన పెట్టే కామా వంటి గుర్తు.

రేపు ట్యాంకును, దాని మూతను కడుగుతారు కనుక నీళ్లు ముందే పట్టుకోవాలని, ఆలస్యం చేస్తే కోల్పోతారని కార్యదర్శి ఇంగ్లిషులో నోటీసు అంటించినప్పుడు, తక్కినవారు బిందెలకై పరుగెత్తుతుండగా ఆచార్యులు లిఫ్టు పక్కన నిలబడి, జేబులోని ఎర్ర కలం తీసి, 'దాని' అనే అర్థంలో వాడిన ఇట్స్‌లో టీకి, ఎస్‌కు నడుమ చొరబడిన గుర్తుకు సున్న చుట్టి, 'కోల్పోవు' అనే లూజ్‌కు ఒక్క ఓ చాలునని అంచున రాసి, ఫ్లాటు నంబరు వేసి పొట్టి సంతకం చేస్తారు. మర్నాడు ఒంటినిండా సబ్బుతో కొళాయి తిప్పినప్పుడు గానీ నోటీసు దేని గురించో ఆయనకు తెలియదు.

ఆయన ప్రమాణగ్రంథం రెన్, మార్టిన్‌ల ఇంగ్లిషు వ్యాకరణం. వారిలో మొదటివారైన పి.సి. రెన్, ఫ్రెంచ్ ఫారిన్ లీజియన్ సైనికుల సాహసాలతో 1924లో 'బో జెస్ట్' నవల రాసిన మనిషేనని ఎవరైనా అంటే, వ్యాకరణవేత్త పోయి పోయి కథలు రాస్తాడా అని ఆయన నొచ్చుకుంటారు. 'డిస్కస్' పక్కన 'అబౌట్', 'రిటర్న్' పక్కన 'బ్యాక్' తగిలించకూడదన్నంతవరకు ఆయన మాట సబబే. చిక్కల్లా నియమం ఎంత బలహీనమైనదో ఆయన పట్టుదల అంత బలంగా ఉండడంలోనే ఉంది. నామవాచకాన్ని మిగతా వాక్యంతో కలిపే 'టు', 'విత్' వంటి ప్రిపొజిషన్‌తో వాక్యం ముగించరాదన్నది 1672లో డ్రైడెన్ అనే కవి నాటకకర్త బెన్ జాన్సన్‌ను తప్పుపట్టడంతో పాకిన అభిరుచే తప్ప శాసనం కాదని, పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల ఆంగ్లేయులు 'దాని' అనే అర్థంలోనూ ఇట్స్‌కు అపాస్ట్రఫీ పెట్టేవారని వివరిస్తే, పాపం వాళ్లకు చెప్పేవాళ్లు లేకపోయారని జాలిపడతారు.

పరుల రాతను దిద్దుతూ రాసిన దానిలో తప్పు దొర్లి తీరుతుందన్న సూత్రానికి, ఆస్ట్రేలియా సంపాదకుడు జాన్ బాంగ్సండ్ 1992లో, చెడగలిగినదేదైనా చెడి తీరుతుందనే మర్ఫీ సూత్రం పేరునే కావాలని తప్పుగా రాసి మఫ్రీ సూత్రమని పేరు పెట్టాడు. నోటీసులన్నీ ఇకపై తన అధ్యక్షతన ఏర్పడే కమిటీ చూశాకే అంటించాలంటూ ఆచార్యులు సంఘానికి సమర్పించే వినతిపత్రంలో, ఇంగ్లిషులో మూడు జంటాక్షరాలున్న ఆ కమిటీ అనే మాటలోనే ఒక టీ ఎగిరిపోయి ఉంటుంది. చూపిస్తే, అది టైపు కొట్టిన కుర్రాడి నిర్వాకమని, వాడు ఇంగ్లిషు మీడియమని సెలవిస్తారు.