అలకు పెద్దా చిన్నా లేదు

సముద్రం లేని తెలంగాణలోని మారేడ్‌పల్లి నుంచి ఓ కుటుంబం సర్ఫింగ్ నేర్చుకుంటామంటూ విశాఖ రుషికొండకు బయల్దేరితే నవ్వడానికేముంది? 2021లో టోక్యో ఒలింపిక్స్ ఎక్కిన ఆట అది, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దక్కిన తీరం ఇది. అసలు వినోదం మొదటి పాఠంలో ఉంది. ఇసుక మీద బోర్డు పరిచి, బోర్లా పడుకుని, ఒక్క ఊపున లేచి నిలబడాలి. ఐఐటీ ఫౌండేషన్ పిల్లాడు లేస్తాడు. వాడికి రోజూ పట్టుదల గురించి పాఠం చెప్పే నాన్నగారు మాత్రం కూలబడతారు. పెద్దరికం పోతుందంటారా? పడితే పరువేం పోదని పిల్లలకు కళ్లకు కట్టినట్టు చూపే కోచింగ్ ఇంకెక్కడుంది? ఖర్చంటారా? స్కూలు టర్మ్ ఫీజు రసీదు ఓసారి తీసి చూడండి. నిలిచే అభ్యంతరం ఒక్కటే: ఈత రాకుండా ఫొటో కోసం అలల్లోకి దిగడం. కనుక అయ్యా, ముందు ఈత, ఆ తర్వాతే వాట్సాప్ స్టేటస్!