పెన్సిల్‌తో నడిచిన స్టోర్సు

జర ఆ ఫోను జేబుల పెట్టు బిడ్డా. నేను చెప్పబోయే ముచ్చట ఏ డ్యాష్‌బోర్డు మీద కనిపించది. మీరంత ఇప్పుడు సప్లై చైన్ అని పెద్ద పేరు పెట్టిన్రు గని, మా కాలంల దానికి స్టోర్సు, పర్చేజు, డిస్పాచు అని మూడు గదులుండె. మూడింటికీ కలిపి ఒక్క ఫ్యాను. పాశమైలారంల ఒక మందుల కంపెనీ స్టోర్సుల నా నౌకరి మొత్తం గడిచింది. సరుకు వస్తుండె, పోతుండె, ఒకటో తారీఖు జీతం పడుతుండె. దాన్ని ట్రాన్స్‌ఫార్మ్ చెయ్యాలెనని ఎవనికీ తోచలేదు, అందుకే అందరం నిమ్మళంగ ఉంటిమి.

బిన్ కార్డు అంటే తెలుసునా? తెల్వదు. ప్రతి అర ముందట సుతిలి తాడుకు ఒక అట్ట వేలాడుతుండె. వచ్చింది, పోయింది, మిగిలింది, మూడే గళ్లు. డ్రమ్ము కదిలిందంటే కదిలించినోడే అక్కడ నిలబడి రాయాలె. అట్ట మీద పెన్సిలు, లోపల లెడ్జర్ల ఇంకు. రాత చూసి ఇది రాత్రి షిఫ్టా పగటి షిఫ్టా అని చెప్పేటోణ్ణి నేను. నెలాఖరుకు అట్టకూ లెడ్జరుకూ తేడా వస్తె ఎవన్ని పిలవాలెనో తెలుస్తుండె. ఇప్పుడు తేడా వస్తె సిస్టమ్ ఎర్రర్ అంటరు. సిస్టమ్‌ను పిలిచి కూసోబెట్టి అడుగుతవా?

ఎక్సైజోళ్ల రిజిస్టర్లు వేరే. తయారైన సరుకుకు ఆర్‌జీ-1. 1986ల మోడ్‌వ్యాట్ అని, ముడిసరుకు మీద కట్టిన డ్యూటీని తయారైన సరుకు డ్యూటీల తీసేసుకునే పద్ధతి వచ్చినంక ముడిసరుకుకు ఆర్‌జీ-23ఏ, అందుల మళ్ల రెండు భాగాలు, ఒకదాన్ల సరుకు, ఇంకోదాన్ల ఆ సరుకు మీద కట్టిన డ్యూటీ. ఒక అంకె తప్పు పడితె ఆ రాత్రి అన్నం సహించకపోతుండె. ప్రాణం తీసిన రిజిస్టరది. ఇప్పుడు యాదికొస్తె ఎంత ముద్దుగుండెనో అనిపిస్తది. ముసలితనంల రిజిస్టర్లు గూడ అందంగ కనిపిస్తయని మా ఇంటామె అంటది, అననియ్యి.

ఇగ బొంబాయి తొవ్వ. అప్పుడు దాని నంబరు 9, ఇప్పుడు 65 చేసిన్రు. నంబరు మార్చకపోతె వీళ్లకు నిద్ర పట్టది. సాల్వెంటు లోడు బయల్దేరిందని ట్రంకుకాల్ వస్తుండె. ఆ తర్వాత అది షోలాపూర్‌ల ఉన్నదో హుమ్నాబాద్‌ల ఉన్నదో దేవునికెరుక. మూడో నాడో నాలుగో నాడో రుద్రారం గణేశ్ గడ్డ కాడ కొబ్బరికాయ కొట్టుకొని, ఇస్నాపూర్ కాడ మళ్లి, మా గేటు ముందట హారన్ కొడుతుండె డ్రైవరు. చేతిల నలిగిపోయిన బిల్టీ, అంటే లారీ రసీదు. ముందుగల చాయ్ తాగించి, తొవ్వల వానలున్నయా, టైరు ఏమన్న పగిలిందా అని అడిగి, అప్పుడు కాంటా మీదికి తోలుమంటుంటిమి. ఇప్పుడు గేటు కాడ ఫోను చూపెడతడు, టోకెన్ వస్తది, దించుతడు, పోతడు. వాని ఊరేదో, పిల్లలెందరో ఎవనికీ పట్టది.

కర్ణాటక సరిహద్దు చెక్‌పోస్టు కాడ లారీలు వరుస కట్టి నిలబడుతుండె. డ్రైవర్లు స్టవ్ ముట్టించి కూర వండుకుంటుండె, లారీ కింద తువ్వాల పరుచుకొని పండుతుండె. నిలబెడితె నిలబెట్టిన్రు గని మనిషికి జర ఆరాం దొరుకుతుండె గదా! 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది, పన్ను చెక్‌పోస్టులు లేచిపోయినయి. వాటి జాగల ఈ-వే బిల్లు తెచ్చిన్రు. 50 వేల రూపాయలు దాటిన సరుకు కదలాలెనంటే కంప్యూటర్ల నంబరు పుట్టాలె. 2018 ఫిబ్రవరి 1న మొదలుపెడతమన్నరు, ఆ రోజే పోర్టల్ కుప్పకూలింది. లోపల్లోపల నేనెంత ఖుషీ అయిన్నో మా మేనేజరుకు తెలిస్తె ఆ రోజే రిటైర్ చేస్తుండె. రెండు నెలలు వాయిదా వేసి ఏప్రిల్ 1న వేరే రాష్ట్రాల సరుకుకు, 15న మన తెలంగాణ లోపలి సరుకుకు పెట్టిన్రు. బిల్లుకు మళ్ల ఆయుష్షొకటి. మొదాట్ల దినానికి 100 కిలోమీటర్లు, 2021 నుంచి 200. తొవ్వల బండి ఖరాబై సరుకు ఇంకో బండిలకెక్కిస్తె బిల్లు పార్ట్-బీల కొత్త బండి నంబరు కొట్టాలె. అర్ధరాత్రి జహీరాబాద్ అవతల యాక్సిల్ విరిగినోనికి పార్ట్-బీ యాదికుంటదా?

ఇప్పుడు ఫోన్ల లారీ ఒక చుక్కై కనిపిస్తది. డిస్పాచుల పిలగాళ్లు పాలు పొంగుతయేమోనని పొయ్యి కాడ కూసున్నట్టు ఆ చుక్కనే చూసుకుంట కూసుంటరు. చూస్తె లారీ జల్ది వస్తదా? మాకు చుక్క లేకుండె గనుకనే గోదాముల పదిహేను దినాల సరుకు ఎక్కువ పెట్టుకుంటుంటిమి. అది దండుగన్నరు, పైసలు ఇరుక్కుపోతున్నయన్నరు, ఎంత కావాల్నో అంతే, ఎప్పుడు కావాల్నో అప్పుడే అన్నరు. 2020 మొదాట్ల చైనాల ఫ్యాక్టరీలు మూతబడితె, వాళ్ల ముడిసరుకు మీద బతికే మన పటాన్‌చెరు, బొల్లారం మందుల కంపెనీలకు చెమటలు పట్టినయి. అప్పుడు అందరు వెతికింది ఆ దండుగ డ్రమ్ములనే. అయితె మేం దాచినవాటిల గడువు దాటినవి ఎన్ని బయటపడ్డయో, ఆడిటరు ఏం రాసిండో, ఆ ముచ్చట ఇప్పుడెందుకు.

అసలు ముచ్చటకొస్త. మా కంపెనీలకు ఈఆర్‌పీ, అంటే అన్ని గదుల లెక్కలు ఒక్క తాన పెట్టే కంప్యూటర్ సిస్టమ్, వచ్చినప్పుడు మాకు నేర్పనీకి టైలు కట్టుకున్నోళ్లు దిగిన్రు. చేంజ్ మేనేజ్‌మెంట్ అంటరట. తెర మీద ఇంగ్లిషు, నోట్ల హిందీ, ముందట కూసున్నోళ్లల సగం మంది ఒడిశా, బీహార్ పిలగాళ్లు, మిగతా సగం మా మెదక్ జిల్లా ముసలోళ్లు. అప్పటికింక సంగారెడ్డి జిల్లా పుట్టలేదు. చేతిల స్కానర్లు పెట్టిన్రు. మా స్టోర్సుల అందరికన్న పాత మనిషి ఆ స్కానరును ముట్టకపోతుండె. ఆయన ముంగట టై కట్టినాయన కాయితం మీద ‘రెసిస్టెన్స్’ అని రాసుకున్నడు. నేను పక్కనుంచి అన్న: రెసిస్టెన్స్ కాదు సార్, ఆయనకు అద్దాలు లెవ్వు. అంత సన్న అక్షరం నాకే కనిపిస్తలేదు.

ఇగ మాస్టర్ డేటా, అంటే సామాన్ల పేర్లు, కోడ్ల పట్టీ, దాని లొల్లి చెప్తె నవ్వుతరు. మా లెడ్జర్ల ఒక్క వాల్వుకు మూడు పేర్లుండె. స్టోర్సోళ్లకు అది ‘2 ఇంచుల గేట్ వాల్వు’, మెయింటెనెన్సోళ్లకు ‘వాల్వు గేటు 50 ఎంఎం’, పాత ప్లాంటోళ్లకు ‘పెద్ద తిప్పుడుది’. కంప్యూటర్ల ఎక్కించెటోడు మూడింటికి మూడు కోడ్లు పుట్టించిండు. స్టాకు ఒక కోడు కింద పడి ఉంటది, ఇంకో కోడు కింద సున్నా కనిపిస్తది, పర్చేజోళ్లు ఉరికి కొత్తది కొంటరు. ఇగ రాత్రి షిఫ్టు. పాస్‌వర్డు పగటి క్లర్కు దగ్గర ఉంటె రాత్రి డ్రమ్ము ఆగుతదా? ఆగది. తీస్కపోతరు, జేబుల చిట్టీ రాసుకుంటరు, పొద్దుగాల ఎక్కిస్తరు. నడుమ ఎవరన్న తెర చూస్తె లెక్క మైనస్ 3 డ్రమ్ములు. నా సర్వీసుల మైనస్ డ్రమ్మును ఎన్నడన్న చేతితోని ముట్టిన్నా చెప్పు?

ఇది మా ఒక్కల గతే అనుకోకు. అమెరికాల హెర్షీ అని చాక్లెట్ల కంపెనీ ఉన్నది. 1999ల తొందర తొందరగ కొత్త సిస్టమ్ పెట్టుకున్నది, అదీ హాలోవీన్ పండుగ గిరాకీ ముందు. సరుకు ఉండి గూడ 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయిన్రు. గోదాముల చాక్లెట్లు, దుకాణంల ఏడ్చే పిల్లలు. ఆ కత చదివినప్పుడల్ల నాకు పాపం అనిపించాలె, అనిపించది.

మరి ఏషియన్ పెయింట్సోళ్లది చూడు. వాళ్లు 1970లల్లనే కంప్యూటరు తెచ్చుకున్నరు. ఏ ఊర్లె ఏ రంగు ఎంత పోతదో లెక్క కట్టుకుంట, 1985ల మన పటాన్‌చెరుల ఫ్యాక్టరీ పెట్టిన్రు, ఈఆర్‌పీ 2000 ప్రాంతంల పెట్టుకున్నరు. నడుమ ఎన్నేండ్లు? అలవాటు పడ్డ క్లర్కులు రిటైరై, వాళ్ల చేతి కింద నేర్చుకున్నోళ్లు మేనేజర్లయ్యేటంత కాలం. మీరేమో శుక్రవారం ట్రైనింగు, సోమవారం గో-లైవ్ అంటరు. బొప్పాయి గూడ అంత జల్ది పండది. ఇంకో వింత, 2022ల బాచుపల్లిల ఉన్న డాక్టర్ రెడ్డీస్ ఫ్యాక్టరీకి వరల్డ్ ఎకనామిక్ ఫోరం లైట్‌హౌస్ అని పేరిచ్చింది. సముద్రమెక్కడ, బాచుపల్లి ఎక్కడ! డిజిటల్ పని మంచిగ చేసినోళ్లకు ఆ పేరు ఇస్తరని మా మనుమడు చెప్పిండు. మంచిదే. దీపస్తంభం అన్న పేరు మాత్రం మా చెరువు కప్పలకు గూడ అర్థం గాదు.

మా దగ్గర ఆ ఈఆర్‌పీ ఆఖరుకు ఎట్ల నడిచిందంటవా? టైలు వెళ్లిపోయినంక ఐటీల కొత్తగ చేరిన ఒక పిల్ల నడిపించింది. సదాశివపేట నుంచి కంపెనీ బస్సుల వస్తుండె. తెర మీద ఒక్క బొమ్మ గూడ చూపెట్టలే. మా పాత మనిషి పక్కన ఖాళీ డ్రమ్ము బోర్లేసుకొని కూసున్నది. “కాకా, దీన్నేమంటరు? గట్లనే మెయింటెనెన్సోళ్లేమంటరు?” అని అర అరకూ తిరిగింది. ఆయన చెప్పిన పేర్లన్ని ఒక్క కోడు కిందికి తెచ్చి, ‘పెద్ద తిప్పుడుది’ అని కొట్టినా అదే వాల్వు దొరికేటట్టు చేసింది. అరల మీద తెలుగుల, ఒడియాల చీటీలంటించింది. రాత్రి షిఫ్టుకు వేరే లాగిన్ ఇప్పించింది. ప్రతి షిఫ్టుల ఒకరికి పూర్తిగ నేర్పి, అడిగేటోళ్లు మేనేజరును గాదు, వాళ్లనే అడగాలెనన్నది. కంటి డాక్టరును పిలిపించింది, పన్నెండు మందికి అద్దాలొచ్చినయి. బిన్ కార్డులు పీకేస్తరేమోనని నేను లొల్లికి సిద్ధంగుంటె, “ఉండనియ్యుండ్రి సార్, అట్టకూ తెరకూ లెక్క కలిసిన్నాడు కాకనే తీస్తడు” అన్నది.

ఆర్నెల్లు పట్టింది. కలిసినంక ఆయననే తాళ్లు విప్పి అట్టలు కట్ట కట్టి నా టేబులు మీద పెట్టిండు. ఎందుకయ్యా అంటె, “రెండు తాప రాయనీకి చేతులు గుంజుతున్నయి సార్” అన్నడు. నా పక్షాన నిలబడ్డ ఆఖరి మనిషి గూడ అట్ల పార్టీ మార్చిండు.

ఆ టైలు కట్టుకున్నోళ్ల హోటలు బిల్లు నా టేబులు మీదనుంచే పోయింది. ఆ పిల్లకు ఆ ఏడు పడ్డ ఇంక్రిమెంటు గూడ నాకు తెలుసు. ఆ రెండు అంకెలు ఒక్క పేజీ మీద రాయనీకి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు, ఎక్సైజ్ రిజిస్టర్ల గూడ అంత తేడా నేనెన్నడు చూడలే. ఇగ ఆ ఫోను తీస్కో, చాయ్ పైసలు నువ్వే స్కాన్ చెయ్యి. నాది కొత్త పాస్‌వర్డు అడుగుతున్నది.