ఎక్సెల్ షీటూ, ఆవకాయ సీసా

షికాగో పక్కన అరోరాలో ఉన్న బాలాజీ గుడి దగ్గర ఓ కారు చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయంటే, అది కొత్త కారైనా అయ్యుండాలి, ఎల్లోస్టోన్‌కి బయల్దేరిన కారైనా అయ్యుండాలి. రెండో రకాన్ని పోల్చుకోవడం తేలిక. డిక్కీ తీస్తే సూట్‌కేసుల కంటే ముందు సోనామసూరి సంచి కనబడుతుంది.

ఈ కార్లో వెళ్లే దంపతులది ఓ ప్రత్యేక జాతి. ఆయనకి నలభై ఎనిమిది, సాఫ్ట్‌వేరు. ఆవిడకి నలభై అయిదు, ఆవిడదీ సాఫ్ట్‌వేరే, వంట అదనం. పిల్లాడు కాలేజీ హాస్టల్లో చేరాక, "ఇక మనిద్దరమే కదా" అని ఎవరో ఒకరు నిట్టూర్చిన వేసవిలో ఈ యాత్ర పుడుతుంది. నిజానికి ముందు పుట్టేది ఎక్సెల్ షీటు. పధ్నాలుగు వందల మైళ్ల పైచిలుకు దారిని ఆయన గడులుగా కోస్తాడు. గ్యాస్ కొట్టించడానికి పది నిమిషాలు. రెస్ట్‌రూముకి ఏడు. ప్రకృతి దృశ్యాలకి అయిదు. ఆవిడ అలకకి మాత్రం గడి లేదు. ఎన్ని యాత్రలైనా ఈ లోపాన్ని ఆయన సరిదిద్దుకోలేదు.

ఆవిడ దగ్గర షీటు లేదు, ఐస్‌బాక్స్ ఉంది. అందులో పెరుగు, పైన సంచిలో పులిహోర, చపాతీలు, రైస్ కుక్కరు, మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన ఆవకాయ సీసా. "దారిలో దొరకవా ఏంటి?" అంటాడాయన. "దొరుకుతాయి, బర్గర్లు. మీరు తింటారా?" అంటుందావిడ. ఆ సంభాషణ విస్కాన్సిన్ సరిహద్దులోపే ముగుస్తుంది.

దక్షిణ డకోటాలో వాల్ అనే చిన్న ఊరుంది. 1931లో అక్కడో మందుల షాపు కొనుక్కున్న దంపతులు, బేరాల్లేక ఈగలు తోలుకుంటూ, చివరికి దారినపోయేవాళ్లకి ఐసు నీళ్లు ఉచితం అని రోడ్డు పొడుగునా బోర్డులు పెట్టించారు. ఆ బోర్డులు ఇప్పటికీ ఉన్నాయి, నీళ్లూ ఉచితమే, కాఫీ అయిదు సెంట్లు. షీటులో ఆ ఊరు లేదు. అయినా ఆయన కారు దానంతటదే అటు తిరుగుతుంది. 'ఉచితం' అన్న బోర్డు దాటి కారు పోనిచ్చిన తెలుగువాణ్ణి ఈ వ్యాస రచయిత ఇంతవరకూ చూడలేదు.

అసలు కథ వయోమింగ్‌లో మొదలవుతుంది. విస్తీర్ణంలో తెలంగాణకి రెట్టింపు పైన ఉండే ఈ రాష్ట్రంలో 2020 లెక్కల ప్రకారం జనం 5,76,851 మంది. పశువులు అంతకు దాదాపు రెట్టింపు. "కూకట్‌పల్లి నుంచి నాలుగు వీధులు తెచ్చి ఇక్కడ పెడితే రాష్ట్రం నిండిపోతుంది" అని ఆయన ప్రతి యాభై మైళ్లకీ ఓసారి అంటాడు. మొదటిసారి ఆవిడ నవ్వుతుంది.

కౌబాయ్ అంటే ఆయనకి తెలిసింది 1971 నాటి 'మోసగాళ్లకు మోసగాడు'లో కృష్ణ. ఆ సినిమా కోసం రాజస్థాన్ ఎడారికి వెళ్లారు. అసలు చోట కనబడిన రాంచ్ మనిషికి టోపీ బేస్‌బాల్‌ది, గుర్రం బదులు పికప్ ట్రక్కు, వెనకాల ఎండుగడ్డి మోపులూ ఓ కుక్కా. అతను ఎదురొస్తూ స్టీరింగ్ మీంచి చూపుడు వేలు ఒక్కటి పైకెత్తి సాగిపోయాడు. మనవాడు కారు ఆపి దిగి, నాలుగు టైర్లూ చూసి, డిక్కీ వేసుందో లేదో నొక్కి చూసుకున్నాడు. అది ఆ దేశంలో పలకరింపు అని తెలిసేసరికి మరో మూడు ట్రక్కులు వెళ్లాయి. ఆ తర్వాత ఎదురొచ్చిన ప్రతి ట్రక్కుకీ ఆయన చెయ్యంతా ఊపుతూ వచ్చాడు. "ఎలక్షన్లో నిలబడ్డారా?" అంది ఆవిడ.

మట్టిరోడ్డు ఎక్కగానే కారు కింద టకటకమని మోత. రోడ్డుకి అడ్డంగా గొయ్యి తీసి, పైన ఎడం ఎడంగా ఇనప గొట్టాలు పరుస్తారు. కారు దాటుతుంది, ఆవు దాటదు. గేటూ అక్కర్లేదు, కాపలావాడూ అక్కర్లేదు. కొన్నిచోట్ల గొట్టాలు కూడా దండగే అనుకుని తారు మీద తెల్లగీతలు గీసి ఊరుకుంటారు, ఆవులు వాటిని చూసి కూడా ఆగిపోతాయి. ఇది తెలిశాక ఆవిడ భర్త వంకా, ఆయన ఒళ్లో ఉన్న షీటు గడుల వంకా చూసింది. పైకేమీ అనలేదు.

బిగ్‌హార్న్ కొండల్లో 14వ నంబరు రహదారి పక్కన, ఏ రాతిపొర ఏ యుగం నాటిదో బోర్డులు ఉంటాయి. పైకెక్కుతుంటే కోట్ల ఏళ్లు వెనక్కి పోతాయి. ఆవిడ చదువుతూ ఉంటుంది, ఆయన "ఇరవై నిమిషాలు లేటు" అంటూ ఉంటాడు.

ఎల్లోస్టోన్ పార్కులోకి వచ్చాక ఆ ఇరవై నిమిషాలకి విలువ లేకుండా పోయింది. దాదాపు టన్ను బరువున్న అడవి దున్న ఒకటి రోడ్డు మధ్యలో నిలబడి నెమరు వేస్తోంది. దానికి కనీసం పాతిక గజాల దూరంలో ఉండాలని నియమం. అది పరుగందుకుంటే మనిషికి మూడింతల వేగం. హారన్ కొట్టబోయిన ఆయన చేతిని ఆవిడ పట్టుకుంది. ఆ రోజుకి వాళ్లిద్దరూ చేతులు పట్టుకున్నది అప్పుడే.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గ అంటే ఆయనకి ప్రాణం. సుమారు తొంభై నిమిషాలకోసారి ఎగజిమ్ముతుంది, అటూ ఇటూ పది నిమిషాల తేడాతో ముందే టైము చెబుతారు. ఆయన షీటుని గౌరవించే వస్తువు ఆ దేశంలో అదొక్కటే. దున్న పుణ్యమా అని వీళ్లు పరుగెత్తుకెళ్లేసరికి నూరడుగులు దాటి ఎగిసిన నీళ్లు ఇంకిపోయి, ఆవిరి మాత్రం మిగిలింది. మళ్లీ తొంభై నిమిషాలు బెంచీ మీద కూర్చోక తప్పలేదు. పులిహోర తిన్నారు. పెళ్లైన కొత్తలో వెళ్లిన అరకు రైలు గురించి మాట్లాడుకున్నారు. ఇది ఏ గడిలోనూ లేదు.

ఆ రాత్రి వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లో క్యాబిన్. ఎత్తు 6,667 అడుగులు. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. రైస్ కుక్కరుకి ఈ సంగతి తెలియదు. తన పని అయిందని టక్కుమని ఆగింది. మూత తీస్తే అన్నం పలుకు. ఇంకో గ్లాసు నీళ్లు పోసింది, ఇంకా పలుకే. కందిపప్పైతే గులకరాళ్లలా గిన్నెలో తిరుగుతోంది. ఆయన భౌతికశాస్త్రం మొదలుపెట్టాడు. ఆవిడ గరిటె కింద పెట్టి అంది: "ఏవండీ, ఇంత తెలిసినవారు ప్రెషర్ కుక్కరు పెట్టుకోమని ఒక్క ముక్క చెప్పకూడదూ?" ఆ పైన నలభై అయిదు నిమిషాలు క్యాబిన్లో మాటల్లేవు. బయట ఎలుగులు వాసన పట్టకుండా ఆవకాయ సీసా లోపలే ఉంది. దాంతో చిప్స్ తిని పడుకున్నారు.

తిరుగు ప్రయాణంలో బేర్‌టూత్ రహదారి. 1936లో తెరిచిన 68 మైళ్ల ఘాట్, శిఖరం 10,947 అడుగులు, జూన్లో కూడా పక్కన మంచు గోడలు. షీటులో గంటన్నర. పట్టింది అయిదు గంటలు. ప్రతి మలుపులోనూ కారు ఆపింది ఆయనే.

వచ్చే వేసవికి గ్లేసియర్ పార్కు. షీటు అప్పుడే తయారైంది. మొదటి వరుస: ప్రెషర్ కుక్కరు, అయిదు లీటర్లది. రెండో వరుస ఆవిడ చేర్చింది: అలక, 45 నిమిషాలు.